పడిపోయిన చేతికి యంత్రం ఊతం

చిత్తూరు: పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోతే ఇక ఆ మనిషి బతుకు మంచానికే పరిమితమని పల్లెల్లో అనుకోవడం పరిపాటి. మడక పట్టిన చెయ్యి, పాలు పిండిన చెయ్యి అన్నం ముద్దను నోటి వరకు తీసుకుపోలేదు. చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా మరొకరి మీద ఆధారపడవలసిందే. అటువంటి చేతుల చేత తిరిగి పని చేయించడానికి మరమనిషి సాయం కూడా వచ్చింది. అయితే ఆ యంత్రం చేసేదెంత, మనిషి సాధన చేసేదెంత అన్నది తెలుసుకున్నాకే డబ్బు సంచి విప్పడం మంచిది.

దెబ్బ మెదడుకు

మెదడుకు నెత్తురు తీసుకుపోయే నాళం పూడుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. మెదడు ఎడమవైపు దెబ్బతింటే కుడి కాలూ చెయ్యీ, కుడివైపు దెబ్బతింటే ఎడమ కాలూ చెయ్యీ పడిపోతాయి. చేతి కండలు బాగానే ఉంటాయి. వాటికి ఆజ్ఞ ఇచ్చే చోటు చెడిపోతుంది. కాలువ గట్టు తెగినప్పుడు రైతు పక్క నుంచి పిల్లకాలువ తీసి మడికి నీరు పెట్టినట్టే, మెదడు కూడా చెడిన చోటి పనిని మిగిలిన భాగాలకు కొంతవరకు అప్పగించగలదు. కానీ ఒక్క పార దెబ్బకు కాలువ తయారు కాదు. ఒకే కదలికను వందలసార్లు, రోజుల తరబడి చేస్తేనే దారి పడుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఒక్కొక్క చికిత్సలో రోగి చేత పనికివచ్చే చేతి కదలికలు సగటున 32 మాత్రమే చేయిస్తున్నారని విదేశీ ఆస్పత్రులలో జరిపిన పరిశీలనలో 2009లో వెల్లడైంది.

సైకిలు నేర్పినట్టు

ఈ కొరత తీర్చడానికి పుట్టిందే యంత్ర చికిత్స. అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థలో నెవిల్ హోగన్, హెర్మానో క్రెబ్స్ అనే శాస్త్రజ్ఞులు ‘ఎం.ఐ.టి. మానస్’ అనే యంత్రాన్ని తయారు చేశారు. 1990ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని బర్క్ ఆస్పత్రిలో రోగులపై దానిని పరీక్షించారు. బల్ల ముందు కూర్చున్న రోగి ముంజేతిని యంత్రపు చేతికి కడతారు. ఎదుట తెర మీద కనిపించే గుర్తు వైపు రోగి తన చెయ్యి జరపాలి. తానుగా జరపగలిగితే యంత్రం ఊరుకుంటుంది. మధ్యలో ఆగిపోతే మెల్లగా ముందుకు నడుపుతుంది. సైకిలు నేర్చుకునే పిల్లవాడి వెనుక సీటు పట్టుకుని నడిచే పెద్దవాడి వంటిదన్నమాట. విసుగు లేకుండా గంటలో వందల కదలికలు చేయిస్తుంది.

మన జిల్లాకు ఆనుకుని ఉన్న వేలూరులోని సి.ఎం.సి. ఆస్పత్రి, మద్రాసు ఐ.ఐ.టి. కలిసి ‘ప్లూటో’ అనే చిన్న యంత్రాన్ని రూపొందించాయి. బల్ల మీద పట్టే ఈ యంత్రంలో ఉన్నది ఒకటే మోటారు. దానికి పిడులు మార్చుకుంటూ మణికట్టు వంచడం, ముంజేయి తిప్పడం, గుప్పిట మూసి తెరవడం వంటివి తెర మీద ఆటలాడుతూ సాధన చేయవచ్చు.

పరీక్షలు చెప్పినదేమిటి?

2010లో అమెరికాలో 127 మంది మాజీ సైనికులపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. వారికి పక్షవాతం వచ్చి సగటున నాలుగేళ్ళు దాటింది. 12 వారాల్లో 36 సార్లు కొందరికి యంత్రంతోనూ, కొందరికి మనుషులతోనూ గట్టిగా సాధన చేయించారు. 36 వారాలు గడిచాక చూస్తే, మామూలు వైద్యం పొందినవారి కంటే యంత్రం మీద సాధన చేసినవారు కాస్త మెరుగయ్యారు. కానీ అంతే గట్టిగా మనుషులు చేయించిన సాధన కంటే యంత్రం మిన్న అని మాత్రం తేలలేదు. 2019లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో 770 మంది పాల్గొన్నారు. చెయ్యి కదలిక కొంత బాగుపడినా, ఆ చేత్తో పని చేసుకోవడంలో మామూలు వైద్యాన్ని యంత్రం మించలేదు.

కాబట్టి యంత్రం కోసం పొలం తాకట్టు పెట్టనవసరం లేదు. ఏళ్ళు గడిచిన చేతిపై ఆశ వదులుకోనవసరమూ లేదు. పూర్తిగా కదలని చెయ్యి అందరికీ మునుపటిలా రాకపోవచ్చు. కానీ కాస్త కదిలే చేతికి సాధనే బలం.

ఇంట్లో చేయదగినది

ఫిజియోథెరపీ నిపుణుల వద్ద పద్ధతి నేర్చుకుని ఇంట్లో లెక్కపెట్టి చేయించవచ్చు. చెంబు ఎత్తి దించడం, చింతగింజలు ఏరి గిన్నెలో వేయడం, తువాలు పట్టుకుని బల్ల మీద ముందుకు వెనుకకు జరపడం వంటివి చాలు. రోగిని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగరాదు. లాగితే భుజం కీలు జారి నొప్పి పట్టుకుంటుంది. కూర్చున్నప్పుడు ఆ చేతిని వేలాడనీయక దిండు మీద ఆనించాలి.

అసలు నష్టం తగ్గేది మొదటి గంటల్లోనే. మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి కబురు చేయాలి. నాళం పూడుకున్నట్టు స్కానింగ్‌లో తేలితే, గడ్డ కరిగించే ఇంజక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వవలసి ఉంటుంది. పావురం నెత్తురు కోసం, నాటుమందు కోసం తిరిగితే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

ఆ తరువాత ఏ ఆస్పత్రికి వెళ్ళినా, యంత్రం ఉన్నదా అని అడిగే ముందు రోజుకు ఎన్నిసార్లు, ఏ విధంగా చేయించాలో అడిగి తెలుసుకోవడం రోగి బంధువుల మొదటి పని.