చలి పొద్దున ఇంజనుకు ఎంత వేడి కావాలి?

కొడకండ్ల: చలికాలం ప్రారంభమైతే తెల్లవారుజామున ఇళ్ల ముందు కార్లు, జీపులు స్టార్టు చేసి వదిలేయడం మండలంలోని గ్రామాలలో తరచూ కనిపించే దృశ్యమే. జనగామ, తొర్రూరు, వరంగల్‌ వైపు కిరాయికి వెళ్లే వాహనాలు, పత్తి లోడుతో మార్కెట్‌కు బయలుదేరే ట్రాక్టర్లు ఐదు, పది నిమిషాలు నిలబడిన చోటే పొగ వదులుతుంటాయి. ఇంజను బాగా వేడెక్కితేనే మన్నుతుందన్నది పాతకాలం డ్రైవర్ల నమ్మకం. అది ఒకప్పుడు సబబే. నేటి కార్లకు మాత్రం మేలుకన్నా కీడే ఎక్కువ.

ఛోక్‌ కాలం నాటి అలవాటు

1983 డిసెంబరులో మార్కెట్‌లోకి వచ్చిన మారుతి 800తో పాటు ఆనాటి అంబాసిడర్‌, ప్రీమియర్‌ పద్మిని పెట్రోలు కార్లలో ఇంధనాన్ని గాలితో కలిపే పని కార్బురేటరు చేసేది. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకే ఛోక్‌ లాగి గాలిని తగ్గించి, పెట్రోలు పాలు పెంచేవారు. ఇంజను కాస్త వేడెక్కక ముందే గేరు వేస్తే బండి దడదడలాడి ఆగిపోయేది. ఆ అనుభవం నుంచి పుట్టినదే ఈ అలవాటు.

2000 సంవత్సరం తరువాత కాలుష్య నిబంధనలు దశలవారీగా కఠినతరం కావడంతో కార్బురేటరు కార్లు కనుమరుగయ్యాయి. ఇప్పటి కార్లలో ఇంజను ఎంత చల్లగా ఉన్నదో సెన్సరు కనిపెడుతుంది. దానిని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. డ్రైవరు చేయవలసిన పని ఏమీ లేదు.

నిలబెడితే నష్టమేమిటి?

రాత్రంతా నిలిచి ఉన్న బండిలో ఆయిలు చాలావరకు అడుగుకు దిగి ఉంటుంది. చలికి కొంత చిక్కబడుతుంది కూడా. స్టార్టు చేసిన కొద్ది క్షణాలకే పంపు ఆ ఆయిలును పై భాగాలకు చేరవేస్తుంది. మన ప్రాంతపు చలికి 30 సెకన్ల వ్యవధి ఇస్తే సరిపోతుంది.

అంతకుమించి నిలబెడితే ఇంజను త్వరగా వేడెక్కదు. భారం లేని ఇంజనులో మండే ఇంధనం తక్కువ, పుట్టే వేడీ తక్కువే. చల్లగా ఉన్నంతసేపు కంప్యూటరు పెట్రోలు ఎక్కువగా పంపుతుంది. మండకుండా మిగిలినది సిలిండరు గోడలపై ఉన్న ఆయిలు పొరను కడిగివేసి, కిందికి జారి ఆయిలును పలుచన చేస్తుంది. రక్షణ కోసమని చేసిన పనే అరుగుదలకు దారి తీస్తుంది.

ఇంధన ఖర్చు సరేసరి. నిలబడి ఉన్న చిన్న కారు గంటకు 0.6 లీటరు తాగుతుందనుకుంటే, రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెలకు లీటరున్నర వృథా అవుతుంది. బ్యాంకు కిస్తీలు కడుతూ కిరాయికి తిప్పే వారికి ఇది చిన్న లెక్క కాదు.

డీజిల్‌ బండ్ల సంగతి

డీజిల్‌ ఇంజనులో ఇంధనం అంటుకునేది నొక్కుడు వల్ల వేడెక్కిన గాలితోనే. అందువల్ల అనేక డీజిల్‌ కార్లలో గ్లో ప్లగ్‌ ఉంటుంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డుపై చుట్ట ఆకారంలో దీపం వెలుగుతుంది. అది ఆరిన తరువాతే సెల్ఫ్‌ కొట్టాలి. టర్బో ఉన్న బండికి స్టార్టు కాగానే రేసు ఇస్తే, ఆయిలు అందకముందే అది వేగంగా తిరిగి దెబ్బతింటుంది. 2020 ఏప్రిల్‌ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్‌-6 నిబంధనలతో తయారైన డీజిల్‌ కార్లలో పొగగొట్టానికి మసి వడపోత ఉంటుంది. ఎక్కువసేపు నిలబెట్టి నడిపితే అందులో మసి పేరుకుంటుంది.

చలికి డీజిల్‌ గడ్డకట్టే బాధ ఇక్కడ లేదు. అది లడఖ్‌ వంటి చోట్ల సమస్య. అక్కడి కోసం ఇండియన్‌ ఆయిల్‌ సంస్థ 2019లో ప్రత్యేక డీజిల్‌ను విడుదల చేసింది. ట్రాక్టర్లను మాత్రం ఒకటి రెండు నిమిషాలు తక్కువ వేగంలో నడిపి, ఆ తరువాతే లోడు లాగించడం మంచిది.

థర్మోస్టాట్‌ తీసేయరాదు

ఎండాకాలంలో ఇంజను కాగిపోతున్నదని కొందరు థర్మోస్టాట్‌ తీయిస్తుంటారు. ఇంజను తగినంత వేడెక్కే వరకు నీటిని రేడియేటరుకు పోనివ్వకుండా ఆపేది అదే. అది లేని బండి చలికాలంలో కిలోమీటర్ల కొద్దీ నడిచినా వేడెక్కదు, మైలేజీ పడిపోతుంది.

షట్టరు మూసి నడపడం ప్రాణాంతకం

చలికి జడిసి షెడ్డు తలుపులు మూసి ఇంజను నడిపితే ప్రాణానికే ముప్పు. పొగలోని కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో చేరి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. తలనొప్పి, తల తిరగడం, మత్తు కమ్మడం దాని లక్షణాలు. షెడ్డు ఇంటికి ఆనుకొని ఉంటే లోపల నిద్రించే పిల్లలకూ ప్రమాదమే. ముందుగా తలుపు తెరవాలి, స్టార్టు కాగానే బండిని బయటకు తీయాలి.

పాటించవలసినవి

- స్టార్టు చేసిన 30 సెకన్లకు బయలుదేరాలి. మొదటి నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి, ఒక్కసారిగా రేసు ఇవ్వరాదు.

- సెల్ఫ్‌ పది సెకన్లకు మించి కొట్టరాదు. అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించాలి.

- చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది. పాత బ్యాటరీ ఉంటే చలికాలానికి ముందే పరీక్ష చేయించాలి.

- కంపెనీ పుస్తకంలో సూచించిన గ్రేడు ఆయిలే వాడాలి. 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 వంటి గుర్తులలో మొదటి అంకె ఎంత చిన్నదైతే ఆయిలు చలిలో అంత తేలికగా పారుతుంది.

- అద్దాలపై మంచు తెర పూర్తిగా తుడిచాకే బండి కదిలించాలి. తొందరపడరానిది ఈ ఒక్క విషయంలోనే.