చెప్పు తెచ్చిన కూనను తిట్టొద్దు

కొత్తూరు, షాద్‌నగర్ వైపు ఫామ్‌హౌస్‌ల్లో లాబ్రడార్‌ను కాపలాకని తెచ్చుకునేవాళ్లున్నారు. దాని పూర్వీకులకు కాపలాతో పనిలేదు. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో అవి జాలర్లకు సాయంగా నీళ్లలో దూకి తాళ్లూ, వలలూ లాక్కొచ్చేవి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ దొరలు ఆ కుక్కలను తీసుకెళ్లి, తుపాకీ దెబ్బకు పడిన బాతును పంటిగాటు పడకుండా నోట పట్టి తెచ్చే జాతిగా మలిచారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దానికి గుర్తింపు ఇచ్చింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు మన దగ్గర కౌజుల వేట నేరం. కానీ తెచ్చివ్వాలన్న తపన చట్టంతో పోదుగా! దాన్నే ఇప్పుడు వేరే పనికి వాడుకుంటున్నారు. మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో పోలీసు జాగిలాలను తయారుచేస్తారు. పేలుడు పదార్థాలు పసిగట్టే కుక్కకు మామూలుగా దక్కే బహుమానం ఒక బంతి. బంతి మీద మోజు లేని కుక్క ఆ కొలువుకు అంతగా పనికిరాదు.

ఆ మోజు చంపేది ఎక్కువగా మనమే. మూడు నెలల కూన చెప్పు నోట కరుచుకుని తోకాడిస్తూ వస్తుంది. ఇంటిల్లిపాదీ వెంటపడి, లాక్కుని, ఒకటి అంటిస్తారు. కూనకు అర్థమయ్యేది ఒకటే: దొరికింది మనుషుల దగ్గరికి తీసుకెళ్తే దెబ్బలు. రేపు బంతి విసిరినా అది దూరంగానే నిలబడి దోబూచులాడుతుంది.

కాబట్టి నేర్పాల్సింది పరుగు కాదు, తిరిగి రావడం. రెండువైపులా గోడలున్న వసారాలో మొదలుపెట్టండి. పక్కకి తప్పుకునే దారి ఉండదు. పాత సాక్సును చుట్టి కొద్ది దూరం విసరండి. కూన అందుకోగానే మీరు ఎదురెళ్లకుండా కూర్చుని పిలవండి, లేదా వెనక్కి నడవండి. దగ్గరికొచ్చాక వెంటనే లాక్కోకుండా ముందు మెడ, వీపు నిమరండి. వస్తువు కాసేపు దాని నోట్లోనే ఉండనివ్వాలి. మూడు నాలుగుసార్లు చాలు, ఇంకా కావాలని అది చూస్తుండగానే ఆపేయాలి. మగవాళ్లు, ముఖ్యంగా చుట్టాల ముందు, ఇక్కడే ఆగలేరు!

నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడి చిగుళ్లు నొప్పెడతాయి. అప్పుడు నోరు తెరవనంటే బలవంతం వద్దు. గుడ్డతో లాగులాట అసలే వద్దు, వస్తువును గట్టిగా కరిచిపట్టే అలవాటు పడొచ్చు. వసారాలో ఆట కుదిరాక పొట్టి గడ్డిలో, ఆపైన ఎత్తు గడ్డిలో విసరండి. వస్తువు కంటికి కనపడని చోట గాలికి ఎదురుగా పంపితే ముక్కు పని నేర్చుకుంటుంది. మొదట్లో దొరకడం తేలికవ్వాలి, ఉత్త నోటితో తిరిగొచ్చిన కూనకు ధైర్యం సడలుతుంది.

మన ఎండలకు ఇంకో సంగతి. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ముఖ్యంగా వగర్చడంతోనే. వగరుస్తున్నంతసేపూ వాసన సరిగా అందదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కకముందే ఆట ముగించి, బంతి దానికి అందకుండా దాచేయండి.