పాత పోలీసు కేసు ఉందా? ఎఫ్‌ఐఆర్, కేసు స్థితి, తీర్పు నకలు ఇలా తీసుకోండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసుల కోసం – ఉచిత న్యాయ సహాయం వివరాలతో

కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికయ్యారు. వెరిఫికేషన్ ఫారంలో "మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా?" అని అడిగారు. 2018లో ఊళ్లో జరిగిన గొడవలో మీ పేరు కూడా రాశారు. తరువాత పెద్దమనుషులు కూర్చోబెట్టారు, లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. "కేసు పోయిందిగా" అనుకుని "లేదు" అని టిక్ పెట్టేశారు. పోలీసు రికార్డులో మాత్రం ఆ నంబరు అలాగే ఉంది. ఇప్పుడు సమస్య పాత గొడవ కాదు, ఆ "లేదు" అన్న టిక్.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు, పాస్‌పోర్టు కోసం తిరిగేవాళ్లకు, అంగన్‌వాడీ నుంచి బ్యాంకు దాకా ఏ ఉద్యోగానికైనా దరఖాస్తు చేసేవాళ్లకు ఇదే పరిస్థితి ఎదురవుతుంది. అటువైపు బాధితులకూ ఇవే కాగితాలు కావాలి. రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద వచ్చే 2 లక్షల రూపాయల క్లెయిమ్‌కు ఎఫ్‌ఐఆర్ అడుగుతారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఇచ్చే సహాయం కూడా చాలా నేరాల్లో మూడు విడతలుగా వస్తుంది: ఎఫ్‌ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక 50 శాతం, కింది కోర్టులో శిక్ష పడితే మిగతా 25 శాతం. చార్జిషీటు పడిందో లేదో తెలియక రెండో విడత అడగని కుటుంబాలు ఉంటాయి.

ముందుగా ఒక విషయం. "నా క్రిమినల్ రికార్డు మొత్తం ఒక కాగితం మీద ఇవ్వండి" అంటే ఇచ్చే కౌంటర్ మన జిల్లాల్లో లేదు. ఎఫ్‌ఐఆర్ పోలీసు స్టేషన్‌లో పుడుతుంది, కేసు కోర్టులో ముగుస్తుంది. మీకు కావాల్సింది ఆ చివరి కాగితం, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే కోర్టు ఉత్తర్వు. దానికి చేరాలంటే మొదటి కాగితం మీది నంబరు కావాలి.

మొదట ఎఫ్‌ఐఆర్ నంబరు

స్టేషన్ పేరు, క్రైం నంబరు, సంవత్సరం. ఈ మూడూ తెలిస్తే సగం పని అయినట్టే. ఉదాహరణకు "క్రైం నంబరు 87/2018" అంటే ఆ స్టేషన్‌లో 2018లో నమోదైన 87వ కేసు.

ఫిర్యాదు ఇచ్చినవారికి, బాధితులకు ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ఈ మాట చెబుతోంది. డబ్బులు అడిగితే ఇవ్వనక్కర లేదు. నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా మీ దగ్గరి స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు.

మీ మీదే కేసు ఉంటే? "ముద్దాయికి ఎఫ్‌ఐఆర్ ఇవ్వం" అని కొన్ని చోట్ల చెబుతారు. అది సరికాదు. యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్ 7న స్పష్టంగా చెప్పింది: నిందితుడు గానీ, అతని తరఫు మనిషి గానీ దరఖాస్తు పెట్టుకుంటే పోలీసులు 24 గంటల్లో నకలు ఇవ్వాలి. కోర్టులో అడిగితే రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా అదే తీర్పు చెప్పింది. నెట్ సరిగా లేని చోట్ల గరిష్ఠంగా 72 గంటలు. కాబట్టి స్టేషన్‌కు వెళ్లే ముందు మీ రాష్ట్ర పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఐఆర్ చూసే చోట జిల్లా, స్టేషన్, నంబరు పెట్టి ప్రయత్నించండి.

లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి కేసుల ఎఫ్‌ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో ఉండవు. లైంగిక నేరాలు, పోక్సో కేసుల్లో వాటిని దాచింది బాధితుల కోసమే. అలాంటి కేసు ఎఫ్‌ఐఆర్ ఎవరి దగ్గరైనా చూసి వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేశారో, బాధితురాలి పేరు బయటపెట్టినందుకు మీ మీదే కేసు అవుతుంది.

తరువాత కోర్టు నంబరు

ఫోన్‌లో "ఈకోర్ట్స్ సర్వీసెస్" యాప్ వేసుకోండి. ఉచితం. లాగిన్ అక్కర లేదు. కేస్ స్టేటస్‌లోకి వెళ్లి రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతకండి. కేసు దొరికితే 16 అక్షరాలు, అంకెలతో ఒక సీఎన్‌ఆర్ నంబరు కనిపిస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇక ఎప్పుడు చూడాలన్నా ఆ ఒక్క నంబరు చాలు.

చాలామంది "మా కేసు కనిపించడం లేదు" అనేది మూడు కారణాల వల్ల. ఒకటి, పెండింగ్‌లో మాత్రమే వెతుకుతారు. ముగిసిన కేసు డిస్పోజ్డ్‌లో ఉంటుంది, రెండూ చూడాలి. రెండు, జిల్లా. తెలంగాణలో 2022 జూన్ 2న 33 జిల్లాలకూ విడివిడిగా జిల్లా కోర్టులు వచ్చాయి. అంటే ఉమ్మడి నల్గొండలో వేసిన పాత కేసు ఇప్పుడు సూర్యాపేటలోనో, యాదాద్రి భువనగిరిలోనో ఉండొచ్చు. ఏపీలో రెవెన్యూ జిల్లాలు మారినా కోర్టు జిల్లాలు చాలావరకు పాత పేర్లతోనే నడుస్తున్నాయి. బాపట్ల కోర్టు కేసును గుంటూరు జిల్లా కింద వెతకాలి. మూడు, మన పేర్ల స్పెల్లింగ్. వెంకటేశ్వర్లును ఇంగ్లిష్‌లో ఎంతమంది ఎన్ని రకాలుగా రాస్తారో చెప్పక్కర్లేదు. పేరుతో వెతికేటప్పుడు మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టండి, ఇంటిపేరు ముందూ వెనకా మార్చి చూడండి.

అదే పేరు ఉన్నంత మాత్రాన అదే మనిషి అనుకోవద్దు. ఒకే మండలంలో ఒకే పేరున్నవాళ్లు పది మంది ఉంటారు. పెళ్లి సంబంధానికో, ఇల్లు అద్దెకో ఎవరి పేరైనా వెతికి "ఇతని మీద కేసుంది" అని ప్రచారం చేయడం ఇద్దరికీ ప్రమాదమే.

కోర్టు నంబరు ముందుండే అక్షరాలు చూసి కంగారు పడొద్దు. సి.సి. అంటే మేజిస్ట్రేట్ కోర్టులో విచారించే కేసు. ఎస్.టి.సి. చిన్న కేసు. పి.ఆర్.సి. అంటే సెషన్స్ కోర్టుకు పంపాల్సిన కేసు. ఎస్.సి. అంటే సెషన్స్ కేసు, దానికీ కులానికీ సంబంధం లేదు.

ఫోన్ లేకపోతే, చేతకాకపోతే కోర్టు ఆవరణలో ఈ-సేవా కేంద్రం ఉంటే అక్కడ అడగండి. కేసు స్థితి చూసి చెబుతారు.

స్టేటస్‌లో ఏముందో చదవండి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

"అక్విటెడ్" అంటే నిర్దోషిగా విడుదల. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డ కేసుకు కూడా చట్టం ప్రకారం నిర్దోషిగా విడుదలైనంత ఫలితమే ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు, ఆ ఉత్తర్వు నకలు తీసుకోకుండా ఇంటికి వచ్చేస్తారు.

"కన్విక్టెడ్" అని ఉండి జరిమానా మాత్రమే ఉంటే ఇంకా జాగ్రత్త. పేకాట కేసు, తాగి బండి నడిపిన కేసు లాంటి వాటిలో "ఒప్పేసుకో, ఫైన్ కట్టేసి వెళ్లిపో" అని పక్కనున్నవాళ్లు సలహా ఇస్తారు. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే కేసు కొట్టేయడం కాదు. అది నేరం రుజువైనట్టే. ఫారంలో "శిక్ష పడిందా?" అని అడిగితే "అవును, జరిమానా" అనే రాయాలి.

"ఎన్‌బీడబ్ల్యూ పెండింగ్" అని ఉంటే మీరు వాయిదాకు వెళ్లలేదని వారంట్ ఉన్నట్టు. ఏళ్లు గడిచాయి కదా అని అది దానంతట అది పోదు. కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా బతికే ఉంటుంది. ఎయిర్‌పోర్టులో తెలుసుకోవడం కంటే ముందే లాయరుతో వెళ్లి వారంట్ రద్దుకు పిటిషన్ వేసుకోవడం మేలు.

ఎఫ్‌ఐఆర్ ఉంది, కోర్టు నంబరే లేదంటే రెండు అవకాశాలు. దర్యాప్తు ఇంకా నడుస్తుండవచ్చు. లేదా ఆధారాలు లేవని పోలీసులు కేసు మూసేసి కోర్టుకు తుది నివేదిక పంపి ఉండవచ్చు. అలా మూసేస్తే ఫిర్యాదుదారుకు నోటీసు రావాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు, బాధితులకు తెలపాలని సెక్షన్ 193 చెబుతోంది. రాకపోతే స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగండి.

సర్టిఫైడ్ కాపీ

స్క్రీన్‌షాట్‌ను ఏ ఆఫీసూ ఒప్పుకోదు. కోర్టు ముద్ర ఉన్న నకలు కావాలి. కేసు నడిచిన కోర్టులో నకళ్ల విభాగం ఉంటుంది. కేసు నంబరు, పార్టీల పేర్లు, ఏ కాగితం కావాలో రాసి, కోర్టు ఫీజు స్టాంపు అతికించి దరఖాస్తు ఇవ్వండి. మీ దరఖాస్తుకు ఒక నంబరు ఇస్తారు. పేజీల లెక్క తేలాక ఎన్ని కాపీ స్టాంపులు కట్టాలో నోటీసు బోర్డులో పెడతారు. ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. గడువులోగా స్టాంపులు ఇవ్వకపోతే దరఖాస్తు మూసేస్తారు, మళ్లీ మొదటికి రావాలి. అందుకే దరఖాస్తు ఇచ్చాక రెండు మూడు రోజులకోసారి బోర్డు చూసుకోండి.

జైలు శిక్ష పడిన వ్యక్తికి తీర్పు నకలు వెంటనే ఉచితంగా ఇవ్వాలి. చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాల నకళ్లు కూడా నిందితుడికి ఉచితమే. కొత్త చట్టంలో లాయరును పెట్టుకున్న బాధితులకు కూడా ఇస్తారు. నిందితుడు హాజరైన రోజు నుంచి 14 రోజుల్లోగా ఇవ్వాలి.

మీరు ఆ కేసులో పార్టీ కాకపోతే నకలు ఎందుకు కావాలో కారణం చూపి కోర్టు అనుమతి తీసుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తుతో కోర్టు ఫైలు లాగలేరు. కోర్టు నియమాల ప్రకారమే అడగాలని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న తేల్చింది. పోలీసు స్టేషన్ నుంచి మీ సొంత కేసు సమాచారం కోసమైతే సమాచార హక్కు పనికొస్తుంది. దర్యాప్తుకు అడ్డు వస్తుందనుకుంటే మాత్రం నిరాకరించవచ్చు. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్య రేఖకు దిగువ ఉన్నవారికి ఫీజు లేదు, కార్డు జిరాక్స్ జత చేయాలి. జవాబుకు గడువు 30 రోజులు.

మరీ పాత కేసుల ఫైళ్లు గడువు తీరాక నాశనం చేస్తారు. "రికార్డు లేదు" అని నోటిమాటగా చెబితే తిరిగి రావద్దు. అదే మాట దరఖాస్తు మీద రాయించుకోండి. ఫలితం రాసిన కోర్టు రిజిస్టరు నకలు దొరుకుతుందేమో అదే రోజు అడగండి.

పద్దెనిమిదేళ్లు నిండకముందు జరిగిన విషయమా? బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం, ముగిసిన బాలల కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా పోలీసులు బయటపెట్టకూడదు.

ఫారంలో ఏం రాయాలి?

ఉన్నది ఉన్నట్టు. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016 జూలై 21న చెప్పింది ఇదే: అడిగిన వివరం దాచిపెడితే ఉద్యోగం పోవచ్చు. నిజం చెప్పినవారి విషయంలో కేసు చిన్నదా పెద్దదా, ఎలా ముగిసింది అన్నది అధికారులు పరిశీలించాలి. చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని కాదు. కానీ సర్టిఫైడ్ కాపీ జత చేసి చెప్పినవాడికి వాదించుకోవడానికి చోటుంటుంది.

ఖర్చు పెట్టుకోలేనివారికి

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987 కింద ఇచ్చే ఉచిత న్యాయ సహాయంలో లాయరు ఒక్కరే కాదు, కోర్టు ఫీజులు, ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు తీసి ఇవ్వడం కూడా ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవారు, విపత్తు బాధితులకు ఆదాయ పరిమితి లేదు. మిగతావారికి ఆదాయం చూస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ, మీ ఊరికి దగ్గరి కోర్టులోని మండల కమిటీలో గానీ తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు. టోల్‌ఫ్రీ 15100.

స్టేషన్‌లో ఇవ్వడానికి నమూనా

"గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి, … పోలీసు స్టేషన్. నా పేరు …, తండ్రి/భర్త పేరు …, గ్రామం …. మీ స్టేషన్‌లో నమోదైన క్రైం నంబరు …/… లో నేను ఫిర్యాదుదారు/బాధితుడు/నిందితుడిని. ఆ ఎఫ్‌ఐఆర్ నకలు, కేసు ప్రస్తుత స్థితి, కోర్టుకు పంపి ఉంటే కోర్టు పేరు, కేసు నంబరు తెలపవలసిందిగా కోరుతున్నాను. తేదీ …, సంతకం …, ఫోన్ …."

రెండు కాపీలు రాయండి. రెండో దాని మీద తేదీతో స్టేషన్ ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.