వాషింగ్ మెషిన్ కొనే ముందు యుటిలిటీ కొలవండి: చిన్న చోటుని పక్కాగా ప్లాన్ చేసుకోవడం ఎలా?

"ఏ వాషింగ్ మెషిన్ తీసుకోమంటావ్?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: "ఎక్కడ పెడతారు?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఫ్రంట్ లోడా, టాప్ లోడా, ఎన్ని కేజీలు, యాప్ ఉందా లేదా అని వారం రోజులు రివ్యూలు చూస్తారు. మెషిన్ ఇంటికొచ్చాక చూస్తే డోర్ పూర్తిగా తెరుచుకోదు, సాకెట్ చిన్నది, డ్రెయిన్ పైప్ నేల మీద పడి ఉంటుంది.

హైదరాబాద్‌లో మావాళ్ళు ఒక టూ బీహెచ్‌కే ఫ్లాట్ తీసుకున్నారు. గోడలు లేచి, ప్లాస్టరింగ్ ఇంకా మొదలవని సమయంలో యుటిలిటీ ప్లానింగ్ నా చేతికి వచ్చింది. పొడవు 7 అడుగులు, వెడల్పు 4.5 అడుగులు. ఆ చోట మెషిన్, సింకు, గ్యాస్ సిలిండర్, చీపుర్లు, బకెట్లు, బట్టలు ఆరేయడం, అన్నీ పట్టాలి. పైగా ఇన్వర్టర్ కూడా అక్కడే పెట్టేద్దాం అని నాన్న అన్నారు. అది ఎందుకు వద్దన్నానో కింద చెప్తాను. మీ ఇంటి కొలతలు వేరుగా ఉన్నా లెక్క వేసే పద్ధతి ఒకటే.

1. ముందు టేపు, తర్వాత బ్రౌజర్

మామూలు ఫ్రంట్ లోడ్ మెషిన్ సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. లోతు మోడల్‌ని బట్టి 45 నుంచి 65 దాకా మారుతుంది. స్పెసిఫికేషన్స్ పేజీలో కనిపించేది మెషిన్ సైజు మాత్రమే. వెనక పైపులకి 10 సెంటీమీటర్లు, పక్కల రెండేసి సెంటీమీటర్లు మనమే కలుపుకోవాలి. ముందు డోర్ తెరవడానికి ఇంకో 50, మనిషి వంగి బట్టలు తీయడానికి ఇంకొంచెం.

ఇప్పుడు మా లెక్క చూడండి. 4.5 అడుగులంటే 137 సెంటీమీటర్లు. మెషిన్‌ని పొడవాటి గోడకి ఆనిస్తే, లోతు 60, వెనక 10 పోగా ముందు 67 మిగులుతుంది. డోర్ తెరిస్తే మనిషి నిలబడే చోటే ఉండదు. అదే మెషిన్‌ని చివరనున్న పొట్టి గోడకి పెడితే ముందు దాదాపు 140 సెంటీమీటర్ల ఖాళీ వస్తుంది. పక్కన 60 సెంటీమీటర్ల సింకు కూడా పడుతుంది. మెషిన్ మారలేదు, రూమ్ మారలేదు. తిప్పి పెట్టామంతే.

టాప్ లోడ్ తీసుకునేవాళ్ళు పైన చూడాలి. మూత పూర్తిగా లేస్తే నేల నుంచి నాలుగున్నర అడుగుల దాకా వెళ్తుంది. అంతకంటే కింద షెల్ఫ్ గానీ ట్యాప్ గానీ ఉంటే మూత తగులుతుంది.

ఇంకో చిన్న విషయం: కిచెన్ నుంచి యుటిలిటీలోకి వచ్చే తలుపు కిచెన్ వైపు తెరుచుకోవాలి. ఇటు తెరుచుకుంటే ఉన్న కాస్త చోటూ తలుపే తినేస్తుంది.

2. నీళ్ళు: రావడం, పోవడం

మెషిన్‌కి నీళ్ళు ఉంటే సరిపోదు, ప్రెషర్ కావాలి. చాలా ఫ్రంట్ లోడ్ మోడల్స్‌కి కనీసం 0.3 నుంచి 0.5 బార్ అవసరం. ఓవర్‌హెడ్ ట్యాంకు మన ట్యాప్ కంటే 10 మీటర్లు ఎత్తులో ఉంటే దాదాపు 1 బార్ వస్తుంది. అంటే 3 మీటర్ల ఎత్తుకి 0.3 బార్. టాప్ ఫ్లోర్ వాళ్ళకి నీళ్ళు ఎక్కక ఎర్రర్ కోడ్ ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమైందిగా? తప్పు మెషిన్‌ది కాదు. అలాంటి ఇళ్ళలో చిన్న ప్రెషర్ పంపు కోసం ముందే ఒక సాకెట్ వదలాలి, లేదా తక్కువ ప్రెషర్‌కి పనిచేసే మోడల్ చూసుకోవాలి.

బోరు నీళ్ళైతే హార్డ్‌నెస్ టెస్ట్ చేయించండి. టీడీఎస్ మీటర్ మొత్తం కరిగిన లవణాలని చూపిస్తుంది తప్ప హార్డ్‌నెస్‌ని విడిగా చెప్పదు. తాగే నీటికి మన బీఐఎస్ పెట్టిన హార్డ్‌నెస్ పరిమితి లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా. మీ బోరు నీళ్ళు 600 దగ్గర ఉన్నాయంటే మెషిన్ హీటర్ మీద తెల్లటి పొర కట్టడం ఖాయం. సబ్బు కూడా ఎక్కువ పడుతుంది. ట్యాప్ దగ్గర పెట్టే చిన్న ఫిల్టర్ ఇసుకని ఆపుతుంది కానీ హార్డ్‌నెస్‌ని తగ్గించదు. దానికి సాఫ్ట్‌నర్ కావాలి, లేదా క్రమం తప్పకుండా డీస్కేలింగ్ చేయాలి.

ఇక నీళ్ళు పోయే దారి. డ్రెయిన్ పైప్‌ని నేల మీద వదిలేస్తే కొన్ని మెషిన్లలో నింపిన నీళ్ళు నింపినట్టే బయటికి పోతాయి. పైపు చివర ఎంత ఎత్తులో ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, ఎక్కువగా 60 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య. అందుకే గోడలోనే ఆ ఎత్తుకి ఒకటిన్నర అంగుళాల పైపు, కింద ట్రాప్‌తో పెట్టించాం. ట్రాప్‌లో నిలిచే నీళ్ళే వాసననీ బొద్దింకలనీ ఆపుతాయి.

నేల కిచెన్ కంటే ఒక అంగుళమైనా కిందికి ఉండాలి. వాలు మొత్తం మోరీ వైపే ఉండాలి. టైల్స్ వేశాక ఒక బకెట్ నీళ్ళు పోసి చూడండి. ఎక్కడైనా నిలిస్తే మేస్త్రీ ఉండగానే సరిచేయించాలి.

3. కరెంటు: దీంట్లో రాజీ వద్దు

మేము ఇంతకుముందు అద్దెకున్న ఇంట్లో మెషిన్ ముట్టుకుంటే జిల్లుమనేది. అమ్మ కింద చెక్క పీట వేసుకుని, చెప్పులు తొడుక్కుని బట్టలు తీసేది. "కొంచెమే కొడుతుందిలే" అనేది. ఓనర్‌కి చెప్తే అన్ని మెషిన్లూ అంతే అన్నాడు. చాలా ఇళ్ళలో ఇదే మాట వింటాం కాబట్టి అసలు సంగతి చెప్తాను.

ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న మెషిన్లలో కరెంటులోని నాయిస్‌ని వడకట్టే ఫిల్టర్ ఉంటుంది. దాంట్లోంచి అతి కొద్ది కరెంటు బాడీకి వస్తుంది. అది ఎర్త్ వైరులోంచి వెళ్ళిపోయేలా డిజైన్ చేస్తారు. ఎర్తింగ్ లేకపోతే మన ఒంట్లోంచి వెళ్తుంది. అదే ఆ జిల్లు. అది చిన్నదే కావచ్చు, కానీ అది చెప్పే కబురు పెద్దది: ఈ ఇంట్లో ఎర్త్ పనిచేయడం లేదు. రేపు లోపల వైరు తెగి బాడీకి తగిలితే, తడి నేల మీద నిలబడ్డ మనిషికి వచ్చేది జిల్లు కాదు, ప్రాణం పోయేంత షాక్.

కాబట్టి మూడు పనులు చేయించండి.

• సరైన ఎర్తింగ్. ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేసి "అయిపోయింది సార్" అనే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. అది ఇంకా ప్రమాదం. న్యూట్రల్ తెగితే మెషిన్ బాడీ మొత్తానికీ కరెంటు వస్తుంది.

• 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. ఎంసీబీ కాపాడేది వైరింగ్‌ని, ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ని నెలకోసారి నొక్కండి. ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే మార్చేయండి.

• మెషిన్‌కి విడిగా 16 ఆంప్స్ సాకెట్. హీటర్ ఉన్న మెషిన్ 2000 వాట్స్ దాకా లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 8.7 ఆంప్స్. చిన్న 6 ఆంప్స్ సాకెట్ గానీ ఎక్స్‌టెన్షన్ బాక్స్ గానీ దీన్ని తట్టుకోవు. సాకెట్ నాలుగు అడుగుల ఎత్తులో, సింకుకి దూరంగా, మూత ఉన్న రకం పెట్టించండి.

4. సిలిండర్ ఉన్నచోట ఇన్వర్టర్ వద్దు

నాన్నకి వద్దని చెప్పింది ఇందుకే. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. అది తేలిక, పైకి పోతుంది. రెండూ మండేవే. వాటి మధ్యలో కరెంటు పోయినప్పుడల్లా టక్కుమని మారే రిలే ఉన్న ఇన్వర్టర్. ఆ రిలేలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. పైగా అక్కడ నీళ్ళు చిందుతుంటాయి. మా ఇన్వర్టర్‌ని హాల్ బయటి కారిడార్ మూలకి మార్చాం. గాలి ఆడుతుంది, డిస్టిల్డ్ వాటర్ పోయడానికీ సులువు.

సిలిండర్‌ని మెషిన్‌కి ఎదురు చివర, నిలువుగా పెట్టాం. తలుపులున్న కబోర్డులో పెట్టకూడదు. మోరీ పక్కన కూడా పెట్టకూడదు, లీకైన గ్యాస్ అందులోకి దిగి నిలుస్తుంది. పిట్టగోడ మూసినట్టు ఉండి పైన మాత్రమే గ్రిల్ ఉంటే, కింద చేరిన గ్యాస్‌కి దారే లేదు. అందుకే పిట్టగోడ అడుగున జాలీతో ఒక రంధ్రం వదిలించాం.

పావురాల గోల భరించలేక చాలామంది యుటిలిటీని అద్దాలతో మూసేస్తున్నారు. సిలిండర్ గానీ గ్యాస్ గీజర్ గానీ ఉంటే ఆ పని చేయకండి. గాలి లేనిచోట గ్యాస్ గీజర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసనా రంగూ ఉండవు. పావురాలకి వల సరిపోతుంది.

5. స్మార్ట్ ఫీచర్లు: ఏవి పనికొస్తాయి?

"ఇన్వర్టర్ మెషిన్" అంటే కరెంటు పోతే నడిచేది అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాదు. అది మోటార్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే టెక్నాలజీ. మెషిన్ సాకెట్‌ని ఇంటి ఇన్వర్టర్ లైన్‌కి అసలు కలపకండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేదే మొత్తం 1800 వాట్ అవర్స్. హీటర్ ఆన్ అయితే మామూలు ఇంటి ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది.

వైఫై మెషిన్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. కొనే ముందు మెషిన్ పెట్టే మూలలో ఫోన్ పట్టుకుని సిగ్నల్ చూడండి. మధ్యలో ఫ్రిజ్, రెండు గోడలు ఉంటే యాప్ ఫీచర్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

నా లెక్కలో నిజంగా విలువైన గ్యాడ్జెట్ నేల మీద పెట్టే వాటర్ లీక్ సెన్సర్. చిన్నది, బ్యాటరీతో నడుస్తుంది, తడి తగిలితే మోగుతుంది. అదున్నా సరే, ఊరెళ్ళేటప్పుడు మెషిన్ ట్యాప్ కట్టేయండి.

మెషిన్ వచ్చిన రోజు రెండు చూసుకోండి. ఒకటి, వెనక ఉండే ట్రాన్సిట్ బోల్టులు తీశారా లేదా. తీయకుండా నడిపితే మెషిన్ గంతులేస్తుంది. రెండు, ఫోన్‌లోని లెవెల్ యాప్‌ని మెషిన్ మీద పెట్టి సమంగా ఉందో లేదో.

ఫైనల్‌గా

కొనే ముందు ఈ వరసలో వెళ్ళండి: చోటు కొలత, డ్రెయిన్, ప్రెషర్, ఎర్తింగ్, గాలి. ఆ తర్వాతే మోడల్. పైపులు, కండ్యూట్లు ప్లాస్టరింగ్‌కి ముందే పడితే ఖర్చు తక్కువ. తర్వాతైతే టైల్స్ పగలగొట్టాలి. పాత ఇల్లో, అద్దె ఇల్లో అయి ఇవన్నీ మార్చలేకపోతే ఎర్తింగ్, ఆర్‌సీసీబీ వరకైనా పట్టుబట్టి చేయించండి. మెషిన్ పాడైతే వారంటీ ఉంటుంది. దాని ముందు తడి కాళ్ళతో నిలబడే మనిషికి వారంటీ ఎవరూ ఇవ్వరు.