మీకు తెలుసా? కాన్పు కబురు ముందుగా చెప్పేది గడియారం

సినిమాల్లో ఉన్నట్టుండి ఉమ్మనీరు పోయి, కాన్పు ఒక్క కేకతో మొదలవుతుంది. నిజానికి నెలలు నిండిన గర్భిణుల్లో నొప్పుల కంటే ముందే ఉమ్మనీరు పోయేది సుమారు పదిమందిలో ఒకరికే. మిగతావారికి కాన్పు మెల్లగా, అనుమానంగా మొదలవుతుంది: నడుములో లాగుడు, పొత్తికడుపు బిగుసుకుని వదలడం, రక్తపు చారలున్న జిగురు పడటం. ఈ జిగురు కాన్పుకు కొన్ని రోజుల ముందే కనిపించవచ్చు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. గడియారం పట్టుకుని చూడాల్సింది నొప్పుల వరస. 1870ల మొదట్లో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ వర్ణించిన బిగుతులనే మనవాళ్లు దొంగనొప్పులంటారు (పేరు పెట్టడంలో మనదే పైచేయి). అవి క్రమం లేకుండా వస్తాయి. కాసేపు నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా చాలావరకు సర్దుకుంటాయి. అసలు నొప్పులు అలా సర్దుకోవు. వాటి మధ్య ఎడం తగ్గుతూ, ఒక్కొక్కటి ఎక్కువసేపు నిలుస్తూ బలపడతాయి.

తొలిచూలు ఆలస్యమవుతుంది, కంగారెందుకు అనే పెద్దవాళ్ల మాటలో నిజముంది. గర్భాశయ ముఖద్వారం తెరుచుకోవడానికి చాలా గంటలు పట్టవచ్చు. కానీ 37 వారాలు నిండకముందే నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలికలు తగ్గినా ఆ మాట వర్తించదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దొంగనొప్పులకే వెళ్లి తిరిగొస్తే నవ్వుతారన్న జంకు కొందరిది. కానీ పరీక్ష చేస్తే తప్ప డాక్టరుకైనా తేడా తెలియని సందర్భాలుంటాయి. ఆసుపత్రికి వెళ్లడానికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 108 అంబులెన్సుకు డబ్బు కట్టనక్కర్లేదు.