శిశు సంరక్షణ కేంద్రం: కనీస ప్రమాణాలు, రోజువారీ సంరక్షణ

పనికి వెళ్లే తల్లి బిడ్డను నమ్మకంతో అప్పగించే చోటు శిశు సంరక్షణ కేంద్రం. దీన్నే క్రెష్ అంటారు. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఈ సౌకర్యం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావడానికి అనుమతించాలనీ ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ నిర్దేశించింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన కనీస మార్గదర్శకాల ప్రకారం మూడేళ్లలోపు పిల్లలు ప్రతి 10 మందికి, మూడేళ్లు దాటినవారు ప్రతి 20 మందికి శిక్షణ పొందిన కార్యకర్త ఒకరు ఉండాలి.

ఈ తేడా ఎందుకో ఆలోచించండి. నాలుగేళ్ల పిల్ల ఆకలేస్తే నోరు తెరిచి అడుగుతుంది. ఎనిమిది నెలల బిడ్డకు ఏడుపే భాష. ఒక్క ఆయా పాతికమంది పసివాళ్లను చూడవలసి వస్తే, ఆ ఏడుపు ఆకలిదో జ్వరానిదో కనిపెట్టే తీరిక ఆమెకు ఉండదు. ఒక బిడ్డకు గుడ్డలు మార్చి, చేతులు కడుక్కోకుండానే మరో బిడ్డకు అన్నం కలుపుతుంది. విరేచనాలు ఒకరి నుంచి మరొకరికి ఇలాగే సోకుతాయి.

కాబట్టి మీరు ఏ కేంద్రానికి వెళ్లినా ముందుగా పిల్లలెందరో, చూసేవారెందరో లెక్కించండి. ఆ తర్వాత రిజిస్టరు తెరవండి. ఏ బిడ్డ ఎప్పుడు తిన్నదీ, ఎంతసేపు నిద్రపోయిందీ, సాయంత్రం ఎవరి చేతికి అప్పగించిందీ అందులో ఉండాలి.

అభ్యాసం: మీకు దగ్గరలోని ఒక కేంద్రాన్ని అనుమతితో పరిశీలించి, పై అంశాలపై ఒక పేజీ నివేదిక రాయండి.