దణ్ణం పెట్టే వేటగాడు

మొన్న మా తరగతి కుర్రాడొకడు కాంపాసు పెట్టెలో ఒక పచ్చని పురుగును పట్టుకొచ్చాడు. "మాస్టారూ, ఇది కుడితే విషమంట గదా! చంపేద్దామా?" అన్నాడు. వద్దని, దాన్ని బల్లమీద వదిలి పీరియడంతా అందరం చూశాం.

అది గొల్లభామ. మన నెల్లూరు తీరంలో వరిచేల గట్లమీద, కంచెల్లో, సరుగుడు తోటల అంచుల్లో మీరూ చూసే ఉంటారు. ముందుకాళ్ళు రెండూ మడిచి దణ్ణం పెడుతున్నట్లు కూర్చుంటుంది. నిజానికది భక్తి కాదు, వేట! ఆ కాళ్ళ లోపలివైపు రంపపు పళ్ళలాంటి ముళ్ళుంటాయి. దగ్గరకొచ్చిన ఈగనో, చిమ్మటనో రెప్పపాటులో ఒడిసిపట్టి నమిలేస్తుంది. దానికి కొండి లేదు, విషమూ లేదు. గట్టిగా పట్టుకుంటే ముళ్ళు గుచ్చుకుంటాయి, అంతే.

మూడు మూలల ఆ తలను చూడండి. మెడ తిప్పి వెనక్కు కూడా చూడగలదు. రెండు పెద్ద సంయుక్త నేత్రాలు, వాటి నడుమ మూడు చిన్న సరళ నేత్రాలు ఉంటాయి. ఎర ఎంత దూరంలో ఉందో అది రెండు కళ్ళతో అంచనా కట్టగలదు. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో శాస్త్రజ్ఞులు గొల్లభామలకు తేనెమైనంతో బుల్లి కళ్ళజోళ్ళు అంటించి, సినిమా చూపించి, 2016లో ఈ సంగతిని మరోసారి రుజువు చేశారు!

చెవి సంగతి ఇంకా వింత. చాలా జాతులకు చెవి ఒక్కటే. అదీ రొమ్ము కింద, వెనక కాళ్ళ నడుమ! మనకు వినపడని గబ్బిలాల అతిధ్వనులను విని, ఎగురుతూనే పక్కకు తప్పుకుంటుంది. ఈ చెవి సంగతి 1986లో లోకానికి తెలిసింది.

కొన్ని ఊళ్ళలో మిడతను కూడా గొల్లభామ అనే అంటారు. నవ్వకండి. ఒకప్పుడు శాస్త్రజ్ఞులూ ఈ రెంటినీ ఆర్థోప్టెరా అనే ఒకే క్రమంలో చేర్చారు. ఇప్పుడు గొల్లభామలది వేరే క్రమం, మాంటోడియా. ఇందులో దాదాపు 2,400 జాతులున్నాయి. 'మాంటిస్' అంటే గ్రీకు భాషలో జోస్యం చెప్పేవాడు. మరి వీటికి దగ్గరి చుట్టం ఎవరు? మీ వంటింటి బొద్దింక! చెదపురుగు కూడా. బొద్దింకలాగే గొల్లభామా గుడ్లను తొడుగులో పెడుతుంది. అది స్రవించే నురగ కొమ్మకు అంటుకుని గట్టిపడుతుంది; అదే ఆ తొడుగు. అందులోంచి వచ్చే పిల్లలకు రెక్కలుండవు గానీ, అచ్చం తల్లి పోలికే. ప్యూపా దశ లేదు. మాటిమాటికీ కుబుసం విడుస్తూ పెద్దవౌతాయి. అందుకు నెలలు పడుతుంది.

చిక్కంతా ఇక్కడే. వరిలో సుడిదోమకు ఒక తరం గడవడానికి సుమారు నెల చాలు. విచక్షణ లేకుండా మందు చల్లితే దోమతోపాటు సాలీళ్ళు, గొల్లభామలవంటి వేటగాళ్ళూ చస్తాయి. దోమ త్వరగా తేరుకుంటుంది. గొల్లభామ అంత త్వరగా తేరుకోలేదు. అలాగని అది రైతుకోసమే పుట్టిందనుకోకండి. తేనెటీగనూ తింటుంది, ఒక్కోసారి ఆడది జతకట్టిన మగదాన్నే తినేస్తుంది. మంచీ చెడూ మన మాటలు; దానికి తెలిసింది ఆకలి ఒక్కటే.

గంట కొట్టగానే ఆ కుర్రాడే దాన్ని తీసుకెళ్ళి కంచెమీద వదిలాడు. మీ కంచెలోనూ కొమ్మకు అంటుకున్న గుడ్ల తొడుగు కనిపిస్తే తుంచకండి. తేదీ రాసుకుని రోజూ చూస్తుండండి. పిల్లలు ఎన్నో రోజున బయటికొచ్చాయో మీరే మీ మాస్టారికి చెప్పవచ్చు.